కుంచెడు తవుడు

నీకు ముందు ఇద్దరు పోయారు, తవిటీ.
అందుకే నువ్వు పుట్టిన మూడోనాడు
నిన్ను చేటలో పడుకోబెట్టి
పొరుగింటి దాలమ్మ చేతుల్లో పెట్టేసి
కుంచెడు తవుడు కొలిచి
మళ్ళీ కొనుక్కుంది అమ్మ.
తవుడు మోసింది నేను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
దారిలో కొంచెం ఒలికింది.
ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు పలాసలో, రైలు గేటు అవతల,
బట్టీలో పీట మీద కూర్చుని పిక్క కొడుతుంటే
చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి,
లెక్క మొదలవుతుంది.

మొదటి సీసా డబ్బులు ఎవరివి?
చొక్కా కొనుక్కోమని నేనిచ్చిన రెండొందలు.
లోడింగుకి రాలేదేమని మేస్త్రీ అడిగినప్పుడల్లా
"జొరం బాబూ" అన్నదెవరు?
ఎన్ని రోగాలు తెప్పించాను నీకు!
మలేరియా, టైఫాయిడు,
ఒకసారి ఏమీ తోచక పచ్చకామెర్లు.
ఆఖరిది నిజమైంది.
నీ కళ్ళు పసుపు తిరిగిన పొద్దున
నా నోటి మాటే తగిలిందనుకున్నాను.

ఇంకోటుంది.
తెల్లవారుజామున నీ చేతులు వణికి
గ్లాసు పళ్ళకి కొట్టుకుంటుంటే
చూడలేక
పైట కింద దాచి క్వార్టర్ నేనే తెచ్చాను.
తాగావు. వణుకు ఆగింది.
"అప్పా, నువ్వు తిన్నావేటి?" అన్నావు.
ఎన్నాళ్ళకో నా తమ్ముడు మాట్లాడాడు.
ఆ ఒక్క మాట కోసం
మరో రెండుసార్లు తెచ్చాను.

ఊరంతా తిత్లీ మీద పెడుతుంది.
నీ నలభై జీడిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయిన ఏడే
మొదలెట్టావంటుంది.
కావచ్చు.
కానీ గాలిని ఎంతసేపని తిట్టను?
అది సముద్రంలోంచి వచ్చింది, పోయింది.
నేను ఇక్కడే ఉన్నాను, చేతికి అందేలా.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో
నిన్ను మంచానికి కట్టిన రాత్రి
వరండాలో చాపలు పరుచుకున్నాం.
బొబ్బిలి నుంచి వచ్చినావిడ, మొగుడు నీ పక్క మంచం,
చెవిలో చెప్పింది:
"పెళ్ళినాడు గడపలోన ఎడం కాలెట్టీసినానమ్మా.
మా అత్త సూళ్ళేదు."
గోడకి ఆనుకున్న ముసలాయన
పదో తరగతి తప్పిన కొడుకుని
ఒకే ఒక్కసారి బెల్టుతో కొట్టాడట.
ఇరవై ఏళ్ళుగా ఆ బెల్టు పెట్టుకోవడం లేదు,
పంచెకి తాడు కట్టుకుంటాడు.
నా వంతు వచ్చింది.
దారిలో తవుడు ఒలికిందన్నాను.

ఎవరూ మాట్లాడలేదు కాసేపు.
బొబ్బిలావిడకి ముందు నవ్వొచ్చింది,
కొంగు నోట్లో కుక్కుకుంది.
తర్వాత నాకు. తర్వాత ముసలాయనకి.
నర్సు వచ్చి కసిరేదాకా
కళ్ళనీళ్ళు కారేలా నవ్వాం,
ఎవరి తవుడు వాళ్ళ ముందర పోసుకుని.

ఇరవై రోజులకి ఇంటికొచ్చావు.
పదకొండు రోజులు బాగున్నావు.
పన్నెండోనాడు గుమ్మంలో నిలబడ్డావు,
నా మొహం చూడకుండా.
"రెండొందలుంటే ఇయ్యప్పా."
"కూడుంది, తిను."
"అడిగింది కూడు కాదు."
"ఉన్నదదే."
నువ్వు విసురుగా మెట్లు దిగిపోతుంటే
నా చెయ్యి కొంగు ముడి దాకా వెళ్ళింది.
వెళ్ళి, అక్కడే ఆగింది.
జీడి తిన్న వేళ్ళు, బూడిద రాసినా మండుతూనే ఉన్నాయి.
మండనీ. అది జీడి మంట. నువ్వు పెట్టింది కాదు.

ఆకలేసింది.
నీకోసం చూడకుండా తిన్నాను,
పులుసు బాగా కుదిరింది కూడా.
నీ కంచం మీద మూత పెట్టాను.
డబ్బుల డబ్బాకి తాళం వేశాను,
తలుపుకి వెయ్యలేదు.

పడుకున్నాక మళ్ళీ ఆ దారి కనిపించింది:
చేట బరువు, నా చిన్న కాళ్ళు,
అంచు మీంచి జారిన గుప్పెడు.
ఈసారి వెనక్కి తిరిగి చూశాను.
ఆ పూటే,
ఆ పూటే కోళ్ళు తినేసి ఉంటాయి.